దవావో దగ్గర ఏఎం రేడియోలో డెంగీ ప్రకటన: సెబువానోలో చెప్పాలా, ఫిలిపినోలో చెప్పాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీరు ఫిలిప్పీన్స్‌లో, మిందనావో దీవిలోని దవావోలో మెడిసిన్ చదువుతున్నారు. కమ్యూనిటీ పోస్టింగ్‌లో మీ బ్యాచ్ వాళ్లు డెంగీ మీద ఒక నిమిషం ప్రకటన రాశారు, దగ్గర్లోని ఏఎం స్టేషన్ ఉచితంగా వేస్తామంది. మీ గ్రూపులో మనీలా అమ్మాయి "ఫిలిపినోలో చేద్దాం, దేశమంతా అర్థమయ్యే భాష కదా" అంటోంది. దవావో కుర్రాడు "బిసాయాలో లేకపోతే దండగ" అంటున్నాడు. బిసాయా అంటే సెబువానోయే, ఆ వైపు జనం ఇళ్లలో మాట్లాడే భాష. పైగా ఈ రోజుల్లో ఏఎం వినేవాళ్లెవరు, ఫేస్‌బుక్‌లో పెడితే సరిపోదా అని మీకే అనుమానం.

ముందు జవాబు చెప్పేస్తాను. సెబువానోలో చెప్పండి. రికార్డు చేసి ఇవ్వకండి. ఒక కాగితం మీద విషయం రాసి, పొద్దున ఐదు నుంచి ఏడు మధ్య ప్రోగ్రాం చేసే అనౌన్సర్ చేతికిచ్చి, ఆయన మాటల్లో ఆయన్నే చెప్పమనండి. ఫేస్‌బుక్‌లో కూడా పెట్టండి, పోయేదేమీ లేదు. కానీ మీకు కావలసిన మనిషి, అంటే కొండ మీద డ్రమ్ములో నీళ్లు పట్టుకుని పదిహేను రోజులు వాడుకునే మనిషి, అక్కడ దొరకడు.

నేను భాషా పండితుణ్ణి కాదు, ట్రాన్స్‌మిటర్ల మెకానిక్‌ని. 2013లో ఆరు వారాల పని మీద మిందనావో వెళ్లి, 2022 దాకా ఉండిపోయాను. ఎందుకు ఉండిపోయానో అది వేరే కథ. ఒక జిల్లా స్థాయి ఏఎం స్టేషన్‌లో టవర్, ట్రాన్స్‌మిటర్, జనరేటర్ అన్నీ నా నెత్తినే. స్టూడియో కిటికీ పక్కనే నా బల్ల. కాబట్టి ఏ మాటకి ఫోన్లు వస్తాయో, ఏ మాటకి రావో తొమ్మిదేళ్లు విన్నాను.

మన దగ్గర ఏఎం అంటే ఆకాశవాణి ఒక్కటే. ప్రైవేటు ఎఫ్ఎంలు సొంతంగా వార్తలు చదవకూడదు. అందుకే మనవాళ్లకి ఫిలిప్పీన్స్ ఏఎం అంటే మొదట అర్థం కాదు. అక్కడ ఎక్కువ భాగం ప్రైవేటువే, ఏఎం అంటేనే వార్తలు, వాదన, తిట్లు, ఫిర్యాదులు. పాటలు కావాలంటే ఎఫ్ఎంకి పోతారు. స్టేషన్ పేరులో మొదటి అక్షరాలు చూసి ఎక్కడిదో చెప్పేయొచ్చు: మిందనావోవి డీఎక్స్‌తో, సెబు, బొహోల్ లాంటి విసాయాస్ దీవులవి డీవైతో మొదలవుతాయి, మనీలా ఉన్న లుసోన్ దీవివి ఎక్కువగా డీజెడ్, డీడబ్ల్యూ. ఇంకో సంగతి, అంతా మనీలా నుంచే వచ్చిందనుకోకండి. ఈ రోజు దేశమంతా ఉన్న ఆర్ఎంఎన్ (రేడియో మిందనావో నెట్‌వర్క్) 1952లో పుట్టింది మనీలాలో కాదు, మిందనావోలోని కగయాన్ దె ఓరోలో.

ఇక భాష. రాజ్యాంగం ప్రకారం జాతీయ భాష ఫిలిపినో, దాని పునాది టగలోగ్. సినిమా, టీవీ సీరియల్, బడి పుస్తకం, అన్నిట్లో అదే. దవావోలో అది రానివాడు అరుదు, మీ మనీలా స్నేహితురాలు చెప్పిందాంట్లో తప్పేం లేదు. అందరికీ అర్థమవుతుంది. కానీ అర్థం కావడం వేరు, నాతోనే మాట్లాడుతున్నారు అనిపించడం వేరు. మా స్టేషన్‌లో రోజూ మనీలా నుంచి నెట్‌వర్క్ వార్తలు ఫిలిపినోలో వచ్చేవి. అవి వచ్చేటప్పుడు ఎదురుగా ఉన్న కరిందెరియాలో, అంటే మన పూటకూళ్ల హోటల్ లాంటిదే, రేడియో అలాగే మోగుతూ ఉండేది, జనం తింటూ కబుర్లాడుకునేవాళ్లు. ఏడింటికి మా అనౌన్సర్ "మాయోంగ్ బుంతాగ్, మగా హిగాలా" అనగానే, శుభోదయం మిత్రులారా అని అర్థం, కరిందెరియా ఆవిడ గరిటె పట్టుకుని వచ్చి సౌండ్ పెంచేది. ఫిలిపినో అంటే దేశం సంగతి, సెబువానో అంటే మన ఊరి సంగతి. మీ ప్రకటన ఊరి సంగతిలా వినిపించాలి.

మనకి సులువుగా అర్థమయ్యే తేడా ఒకటుంది. టగలోగ్‌లో "పో" అనే మాట ఉంది, అచ్చం మన "అండీ". ప్రతి వాక్యంలో పెడతారు. సెబువానోలో అది లేదు. అందుకే మనీలా వాళ్లు బిసాయా వాళ్లని మర్యాద తెలియనివాళ్లు అనుకుంటారు, మన దగ్గర జిల్లాల మధ్య "అండీ" గొడవ లాంటిదే. వాళ్ల మర్యాద పిలుపులో ఉంటుంది. పెద్దాయనైతే "నోంగ్", పెద్దావిడైతే "నాంగ్", కుర్రాడైతే "దోంగ్", అమ్మాయైతే "దాయ్". "నాంగ్, మీ డ్రమ్ము మీద మూత ఉందా?" అని రేడియోలో వినపడితే ఆవిడ తల తిప్పి డ్రమ్ము చూస్తుంది. అదే "పో" చేర్చి టగలోగ్‌లో నున్నగా చెబితే సబ్బు ప్రకటన అనుకుంటుంది.

ఇది ఊహించి చెప్పడం లేదు. ఒక స్వచ్ఛంద సంస్థ, పేరెందుకులెండి, ఇలాంటిదే ఒక ఆరోగ్య ప్రకటన మనీలాలో చేయించి పంపింది. మంచి గొంతు, వెనక గిటార్, డోర్‌బెల్, పిల్లల నవ్వులు. రోజుకి ఆరుసార్లు చొప్పున రెండు వారాలు వేశాం. చివర్లో ఇచ్చిన నంబరుకి మా ప్రాంతం నుంచి నాలుగు ఫోన్లు వెళ్లాయట, అందులో ఒకటి లోన్ కోసం. మూడో వారం మా పొద్దుటి అనౌన్సర్‌కి విసుగొచ్చి, స్పాట్ ఆపేసి, అదే విషయం తన పక్కింటి పిల్లాడికి జ్వరం వచ్చిన కథగా చెప్పాడు. మూడు నిమిషాలు పట్టింది. ప్రోగ్రాం అయ్యేసరికి స్టూడియో ఫోన్‌లో మెసేజ్‌లు నిండిపోయాయి. సగం మంది తమ పిల్లల జ్వరం గురించి అడిగారు. ఇద్దరు మాత్రం ఆ పక్కింటివాళ్లెవరో కనిపెట్టేశామని రాశారు.

రెండు భాషల్లో ఒకేలా వినిపించే మాటలతో జాగ్రత్త. మీరు పెట్టిన ఫిలిపినో డ్రాఫ్ట్‌ని పదం పదం మార్చి సెబువానో చేద్దామనుకుంటే దెబ్బతింటారు. "బుకిద్" అని రాశారు, పొలాల దగ్గర గుంటల్లో నీళ్లు నిలవనివ్వద్దు అనే అర్థంలో. టగలోగ్‌లో బుకిద్ అంటే పొలం, సెబువానోలో కొండ. కింద ఊళ్లో ఉన్నవాడు ఇది కొండ మీదవాళ్ల గొడవ అనుకుంటాడు. టగలోగ్‌లో "లంగ్గామ్" చీమ, సెబువానోలో పక్షి. "బుకాస్" టగలోగ్‌లో నొక్కి పలికే చోటుని బట్టి రేపు అనీ, తెరిచి ఉంది అనీ రెండూ అవుతుంది, సెబువానోలో తెరవడం ఒక్కటే, రేపు అనడానికి "ఉగ్మా". "రేపు క్లినిక్ ఉంది" అని మీరంటే "క్లినిక్ తెరిచే ఉంది" అని విని ఇవాళే బయలుదేరే మనిషి ఉంటాడు. జ్వరం "లగ్నాత్" కాదు, "హిలానాత్".

అన్నిటికన్నా పేరుమోసింది "లిబోగ్". సెబువానోలో "నలిబోగ్ కో" అంటే "నేను గందరగోళంలో పడ్డాను". టగలోగ్‌లో లిబోగ్ అంటే కామోద్రేకం. ఒకసారి మనీలా స్టూడియోతో లైవ్ కలిపినప్పుడు, వరద సాయం లెక్కల గురించి మా ఊరి పెద్దమనిషి ఒకాయన చాలా సీరియస్‌గా ఈ మాట అన్నాడు. అవతల మనీలా యాంకర్ దగ్గు వినపడింది, తర్వాత నాలుగు సెకన్లు నిశ్శబ్దం. రేడియోలో నాలుగు సెకన్లంటే ట్రాన్స్‌మిటర్ పోయిందేమో అని నేను లేచి మీటర్ చూశాను.

నవ్వు పక్కనపెడితే, మాట తెలియకపోవడం వల్ల ప్రాణాలు పోయిన సంఘటన కూడా ఉంది. 2013 నవంబర్ 8న యోలాండా తుఫాను, బయట హైయాన్ అంటారు, తక్లోబాన్ నగరాన్ని తుడిచిపెట్టింది. అధికారిక లెక్కే 6,300 మంది. హెచ్చరిక రాలేదని కాదు. "స్టార్మ్ సర్జ్" వస్తుందని ఇంగ్లీషు మాటతో చెప్పారు. అది తుఫానులో వచ్చే పెద్ద అల అని చాలామందికి తట్టలేదు, సునామీ అని ఉంటే పరిగెత్తేవాళ్లం అని బతికినవాళ్లు తర్వాత చెప్పారు. తక్లోబాన్‌ది వారాయ్ భాష, సెబువానో కాదు, కానీ పాఠం అందరిదీ. ఆ తర్వాత మా స్టేషన్‌లో తుఫాను బులెటిన్ వస్తే అనౌన్సర్ "అల కొబ్బరి చెట్టులో సగం దాకా వస్తుంది" అని ఊళ్లోవాళ్ల కొలతలోకి మార్చి చెప్పడం మొదలుపెట్టాడు. మీ ప్రకటనలో కూడా "లార్వా", "ప్లేట్‌లెట్" లాంటివి తీసేయండి. చిగుళ్లలో రక్తం, నల్లటి విరేచనం, ఆగని వాంతులు, కడుపునొప్పి, ఇవి చాలు. జ్వరం తగ్గాక కూడా ప్రమాదం ఉంటుందన్న మాట మాత్రం తప్పకుండా ఉంచండి, జనం బోల్తా పడేది అక్కడే.

సరే, ఏఎం ఎందుకు? ఎఫ్ఎం దాదాపు చూపు మేర వెళ్తుంది, కొండ అడ్డొస్తే ఆగిపోతుంది. ఏఎం తరంగం నేలని పట్టుకుని పాకుతుంది, కొండల మధ్య లోయల్లోకీ దిగుతుంది. అదీ ఉప్పునీళ్ల మీదుగా అయితే ఇంకా బాగా పోతుంది, సముద్రపు నీరు మామూలు నేలకన్నా కొన్ని వందల రెట్లు మంచి వాహకం. అందుకే అక్కడ చాలా టవర్లు తీరంలో, చేపల చెరువుల్లో, మడ అడవుల పక్కన ఉంటాయి. మాదీ చేపల చెరువులోనే. టవర్ ఎత్తు మామూలుగా తరంగ దైర్ఘ్యంలో పావు వంతు ఉంటుంది, 1000 కిలోహెర్ట్జ్ దగ్గర అయితే 75 మీటర్లు. టవర్ మొత్తం పింగాణీ ఇన్సులేటర్ మీద నిలబడుతుంది, ఎందుకంటే టవరే యాంటెనా. కింద నేలలో అన్ని వైపులా రాగి తీగలు పరిచి ఉంటాయి. ఆ రాగిని దొంగలెత్తుకుపోతుంటే మళ్లీ పరచడం నా ఉద్యోగంలో సగం. ఇంకో చిత్రం చెప్పనా, వానాకాలంలో గడ్డి పెరిగి టవర్ మొదలుకి తాకితే చిటపట నిప్పురవ్వ పుడుతుంది, ఆ రవ్వలోంచి వార్తలు వినిపిస్తాయి. నిజంగానే. రేడియో లేదు, స్పీకర్ లేదు, కాలుతున్న గడ్డిపోచ అనౌన్సర్ గొంతుతో సన్నగా మాట్లాడుతుంది. మొదటిసారి విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. (చూడ్డానికి దగ్గరికి పోకండి, ఆ టవర్ ముట్టుకుంటే మాంసం కాలుతుంది.)

పొద్దున ఐదు నుంచి ఏడు అని ఎందుకన్నానంటే, చీకటి పడ్డాక ఆకాశంలో కింది పొర ఒకటి మాయమై, దూరపు స్టేషన్ల తరంగాలు పై పొరకి తగిలి వెనక్కి వచ్చి మన ఫ్రీక్వెన్సీ మీద పడతాయి. రాత్రి ఎనిమిదికి మా స్టేషన్ వెనక ఎవరో చైనీస్‌లో మాట్లాడుతుండేవాడు. తెల్లవారాక ఆ గోల పోతుంది. జనం కూడా అప్పుడే వింటారు: రైతు పొలానికి పోయే ముందు, జాలరి వేటనుంచి తిరిగొచ్చి వల దులుపుకునేటప్పుడు, ట్రైసైకిల్ (మన ఆటో లాంటి బండి) డ్రైవర్ మొదటి ట్రిప్పుకి. మధ్యాహ్నం రేడియో నాటకాల టైం కూడా మంచిదే, ఆడవాళ్లు బట్టలుతుకుతూ వింటారు. కానీ నాటకం మధ్యలో మీరు దూరితే తిట్టుకుంటారు, మొదలయ్యే ముందు ఇమ్మనండి.

ఎల్లప్పుడూ సెబువానోయేనా అంటే కాదు. ఊరు చూసుకోండి. కొతబాతో, మరావి వైపు మగిందనావ్, మరనావ్ కుటుంబాలు ఎక్కువ, వాళ్లకి సెబువానో కన్నా ఫిలిపినో మధ్యవర్తి భాషగా నయం. జాంబోవాంగాలో చవకానో. ఇలోయిలో దాకా పోతే హిలిగైనోన్. దవావో నగరంలోనే సగం సగం కలిపి మాట్లాడతారు, మీరు వింటూనే ఉంటారు. అలాంటిచోట అనౌన్సర్ ఎలా కలిపితే అలా వదిలేయండి, శుద్ధి చేయబోకండి. చట్టం, ప్రభుత్వ పథకం, హాట్‌లైన్ పేరు లాంటివి ఫిలిపినోలోనో ఇంగ్లీషులోనో ఉన్నవి అలాగే ఉంచాలి, ఎందుకంటే ఆఫీసుకి వెళ్లి వాళ్లు అడగాల్సిన మాట అదే. టైములు "అలాస్ సింకో" అని స్పానిష్ లెక్కలో, ఫోన్ నంబర్లు ఇంగ్లీషు అంకెల్లో. నంబర్ రెండుసార్లు చెప్పించండి, పెన్ను వెతుక్కోవడానికి టైం పడుతుంది.

ఒకవేళ రికార్డే ఇవ్వమంటే వెనక మ్యూజిక్ పెట్టొద్దు. ఏఎంలో స్టేషన్ల మధ్య దూరం 9 కిలోహెర్ట్జ్, రిసీవర్‌లో పై స్వరాలన్నీ కత్తిరించుకుపోతాయి, స-శ తేడా కూడా మొద్దుబారుతుంది. స్టూడియోలో అమృతంలా వినిపించిన గిటార్ అక్కడ ఈగల రొద. మైక్‌కి దగ్గరగా, ఒక్క గొంతు, నెమ్మదిగా. దానికితోడు ఇప్పుడు ప్రతి ఇంట్లో చవక ఎల్ఈడీ బల్బు, చార్జర్ రేడియోలో గుర్రుమంటాయి.

కొన్ని జాగ్రత్తలు. మీరింకా డాక్టర్లు కాదు, పైగా విదేశీయులు. ప్రకటన మీ పేరున కాకుండా మునిసిపల్ హెల్త్ ఆఫీసు పేరున పోవాలి, వాళ్ల సంతకం తీసుకోండి. రెండోది, స్లాట్ ఎవరిదో కనుక్కోండి. చాలా ప్రోగ్రాంలు "బ్లాక్‌టైమర్"లవి, అంటే గంటని డబ్బిచ్చి కొనుక్కుని మాట్లాడేవాళ్లు, వాళ్ల వెనక ఏదో ఒక రాజకీయ వర్గం ఉండొచ్చు. డెంగీ ప్రకటన మేయర్ని తిట్టే గంటలో పడితే అది డెంగీ ప్రకటనగా మిగలదు. అక్కడ రేడియో వ్యాఖ్యాతగా ఉండటం ప్రాణాంతకం కూడా: 2009 నవంబర్ 23న మగిందనావ్‌లో ఒక్క రోజు 58 మందిని చంపితే అందులో 32 మంది మీడియావాళ్లు. 2023 నవంబర్‌లో మిసామిస్ ఆక్సిడెంటల్‌లో ఒక రేడియో ఆయన్ని ఇంట్లో ఉన్న స్టూడియోలో లైవ్ జరుగుతుండగానే కాల్చారు. మీరు భయపడక్కర్లేదు, కానీ ఎవరి పక్కన కూర్చుంటున్నారో తెలుసుకుని కూర్చోండి. మూడోది, అక్కడ స్టేషన్ నడవాలంటే కాంగ్రెస్, అంటే వాళ్ల పార్లమెంటు, ఇచ్చే ఫ్రాంచైజీ ఉండాలి. 2020 మేలో ఏబీఎస్-సీబీఎన్ అనే పెద్ద టీవీ, రేడియో నెట్‌వర్క్‌ది ముగిసిపోయి ప్రసారం ఆపాల్సి వచ్చినప్పుడు సెబు, దవావోల్లోని వాళ్ల ఏఎంలు కూడా మూగబోయాయి. కాబట్టి యాజమాన్యం జాగ్రత్తపరులైతే అపార్థం చేసుకోకండి.

ఫేస్‌బుక్ సంగతి. ఇప్పుడు ఏఎం స్టూడియోలో కెమెరా పెట్టి లైవ్ ఇవ్వడం మామూలే. మాకు కింద కామెంట్లు రియాద్ నుంచి, దుబాయ్ నుంచి వచ్చేవి, మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్లున్న క్యాంపుల పక్క క్యాంపులే అయ్యుంటాయి. అమ్మకి ఫోన్ చేసి "రేడియోలో చెప్పారు, డ్రమ్ము మూసావా" అని అడిగే కొడుకు ఆ గల్ఫ్ నుంచే అడుగుతాడు, అందుకే పెట్టమన్నాను.

కానీ సెల్ టవర్లు పోయిన రోజు వేరు. 2021 డిసెంబర్ 16న ఒడెట్ తుఫాను సురిగావ్ మీదుగా పోయింది. మా టవర్ ముప్పై అడుగుల మొండెం మిగిలింది. కరెంటు లేదు, సిగ్నల్ లేదు, ట్రాన్స్‌మిటర్ గదిలో మోకాలి లోతు బురద, అందులో పీతలు. మూడో రోజుకి ఆ మొండెం నుంచి స్టేషన్ మేడ మీది వాటర్ ట్యాంకుకి ఒక తీగ లాగి, ఐదు కిలోవాట్ల మెషీన్‌ని మూడొందల వాట్లకి దించి గాల్లోకి వెళ్లాం. అనౌన్సర్ ముందు ఒక గుట్ట కాగితాలు, సిగరెట్ పెట్టె అట్టలు, ఒక అరిటాకు ముక్క కూడా, అన్నిటి మీదా పేర్లు: ఫలానా బరంగాయ్‌లో (మన పంచాయతీ లాంటిది) ఫలానా నోంగ్ బతికే ఉన్నాడు, దవావోలో ఉన్న కూతురికి చెప్పండి. దీన్ని "పనవాగన్" అంటారు. రోజుకి నాలుగు గంటలు అదే చదివాడు. మనీలా నుంచి ఒక అధికారి వచ్చి ఫిలిపినోలో మాట్లాడితే, మావాడు వాక్యం వాక్యం సెబువానోలో తిప్పి చెప్పాడు. అర్థం కాదని కాదు, అందరికీ అర్థమవుతుంది. అయినా అతను తిప్పి చెప్పేదాకా లైన్లో నిలబడ్డవాళ్లు కదల్లేదు.

చివరగా ఒక పని సలహా. డెంగీ అనగానే టీకా గురించి అడుగుతారు. 2016లో మొదలుపెట్టిన బడి పిల్లల డెంగీ టీకా కార్యక్రమాన్ని 2017 డిసెంబర్‌లో ఆపేశారు, అప్పటికే ఎనిమిది లక్షల మందికి పైగా పిల్లలకి వేశారు, ఆ భయం, కోపం ఇంకా తల్లుల్లో ఉంది. మీ కాగితంలో టీకా మాట ఎత్తకండి, ఫోన్‌లో అడిగితే జవాబు చెప్పడానికి హెల్త్ ఆఫీసు నర్సుని పక్కన కూర్చోబెట్టుకోండి. ఐదింటికల్లా స్టూడియోలో ఉండాలి, నాలుగున్నరకే బయలుదేరండి. దారిలో బేకరీ తెరిచే ఉంటుంది, వేడి పాన్ దె సాల్, అంటే చిన్న బన్నులు, ఒక సంచీడు పట్టుకెళ్లండి, బోర్డు దగ్గర కూర్చునే టెక్నీషియన్‌కి రెండు ఎక్కువ ఇవ్వండి. నేను ఆ కుర్చీలో ఉన్నప్పుడు ఎవరూ తేలేదు.